పెద్దాపరేషన్ తర్వాత డేట్ ఎప్పుడొస్తుందో ఎవరిని అడగాలి?

సిజేరియన్ చేసి ఇంటికి పంపేటప్పుడు ఆస్పత్రివాళ్లు చేతిలో ఒక డిశ్చార్జి షీటు పెడతారు. కుట్లు ఎన్నాళ్లు తడవకూడదు, యాంటీబయాటిక్ ఎన్ని పూటలు వేసుకోవాలి, బిడ్డకు టీకా ఏ తేదీన వేయించాలి, మళ్లీ ఎప్పుడు వచ్చి చూపించుకోవాలి, అన్నీ అందులో ఉంటాయి. నాకిచ్చిన దాంట్లోనూ ఉన్నాయి. తర్వాత మా వదిన రెండో కాన్పు కాగితాలు, ఆఫీసులో తెలిసినవాళ్ల కాగితాలు అడిగి మరీ చూశాను. ఊళ్లు వేరు, ఆస్పత్రులు వేరు, రాత మాత్రం ఇంచుమించు ఒకటే. నెలసరి మళ్లీ ఎప్పుడొస్తుంది, వస్తే ఎలా ఉంటుంది, ఎలా ఉంటే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి అన్న ముక్క ఒక్కదాంట్లోనూ కనపడలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశంలో మనదే మొదటి స్థానం. ప్రైవేటు ఆస్పత్రుల వరకే చూస్తే 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం మీద 42.4 శాతం. దేశ సగటు 21.5. మా పుట్టిల్లు కరీంనగర్ జిల్లా. అక్కడ ఎవరికైనా నార్మల్ అయిందంటే "అవునా, ఏ హాస్పిటల్ల?" అని ఆశ్చర్యంగా అడుగుతారు. ఇంతమందికి పొట్ట కోసి కుట్టే చోట, ఆ తర్వాత నెలనెలా వాళ్ల ఒంట్లో జరగబోయేదాని గురించి రెండు వాక్యాలు రాసివ్వడం ఎవరి పనీ కాకుండా పోయింది. ఆ రెండు వాక్యాలు లేకపోవడం వల్ల జరిగే నష్టం మనం అనుకునేదానికంటే చాలా పెద్దదని నా వాదన.

కాగితంలో లేనిది ఇరుగుపొరుగు చెప్తారు కదా. నేను పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ చూడటానికి వచ్చినవాళ్లలో సగం మంది బిడ్డ రంగు గురించి, మిగతా సగం నా డేట్ గురించి అడిగారు. "ఇంక రాలేదా బిడ్డా? ఆపరేషన్ల ఏమన్న చేసిన్రా?" అని ఒకామె. "పొట్ట కోసినంక లోపలంత తుడుస్తరట, ఇంకేమొస్తది, లేటుగనే వస్తది" అని ఇంకొకామె. మూడో ఆవిడ దీనికి పూర్తిగా ఎదురు: ఆపరేషన్ అయితే నెల తిరక్కుండానే వస్తుందని, తన కోడలికి అలాగే వచ్చిందని. ముగ్గురూ ఎంతో నమ్మకంగా చెప్పారు. ముగ్గురి మాటల్లోనూ కర్త ఒకటే, ఆపరేషన్.

అసలు సంగతి వేరు. కాన్పు తర్వాత నెలసరి ఎప్పుడు రావాలో తేల్చేది ప్రధానంగా పాలు. బిడ్డ రొమ్ము పట్టి చప్పరించిన ప్రతిసారీ మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను వదులుతుంది. పగలూ రాత్రీ తేడా లేకుండా బిడ్డ తాగుతున్నంత కాలం, అండాశయాలను నడిపించే హార్మోన్లు తమ లయ అందుకోలేవు. అండం విడుదల కాదు. గర్భసంచి లోపలి పొర నెలనెలా పెరిగి రాలిపోయే క్రమం మొదలుకాదు. ఈ వ్యవహారంలో గర్భసంచి చెప్పింది చేసేదే తప్ప సొంతంగా నిర్ణయం తీసుకునేది కాదు. కాబట్టి బిడ్డ కింది నుంచి వచ్చిందా, పొట్ట కోస్తే వచ్చిందా అన్నది ఆ నిర్ణయం తీసుకునే చోటికి అసలు చేరనే చేరదు.

బిడ్డకు తన పాలు అసలు ఇవ్వని తల్లికి సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో నెలసరి వచ్చేస్తుంది. పాలు మాత్రమే ఇచ్చే తల్లికి ఆరు నెలల దాకా రాకపోవచ్చు, కొందరికి ఏడాది దాటినా రాదు. కొంత తన పాలు, కొంత డబ్బా పాలు అయితే ఈ రెంటికీ మధ్య ఎక్కడైనా. మా వదినకు మొదటిది నార్మల్. ఉద్యోగం వల్ల రెండో నెల నుంచే డబ్బా పాలు పట్టింది, డేట్ తొందరగా వచ్చింది. నాకు సిజేరియన్. పాపకు అన్నప్రాశన అయ్యి, అది గిన్నెలో చెయ్యి పెట్టి అన్నం తినడం మరిగాక వచ్చింది. మా అమ్మ ఇప్పటికీ ఆ తేడా ఆపరేషన్ వల్లే అంటుంది. పట్టుబట్టి వివరించడం మానేశాను.

అయితే ఆ మూడో ఆవిడ మాటను కొట్టిపారేయలేం. తన కోడలికి నిజంగానే తొందరగా వచ్చి ఉంటుంది. ఆపరేషన్ థియేటర్ నుంచి తల్లి ఒక గదికి, బిడ్డ ఇంకో గదికి. మత్తు దిగేసరికి కుట్ల నొప్పి. పక్కకు తిరగడానికే ఇంకొకరు పట్టుకోవాలి. నార్మల్ అయిన తల్లితో పోలిస్తే సిజేరియన్ తల్లికి పాలు బాగా పడటం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావడం మామూలే. ఆ రోజుల్లో బిడ్డ ఏడుస్తుంటే ఎవరో ఒకరు "పాలు సాల్తలేవు" అని తేల్చేస్తారు, మెడికల్ షాపు నుంచి డబ్బా వస్తుంది. డబ్బా వచ్చాక రొమ్ము పట్టడం తగ్గుతుంది, పట్టడం తగ్గితే పాలు తగ్గుతాయి, ప్రొలాక్టిన్ తగ్గుతుంది, డేట్ వచ్చేస్తుంది. ఆమె చూసింది నిజమే, మధ్యలో ఉన్న డబ్బా ఒక్కటే ఆమె లెక్కలోకి రాలేదు. ఆస్పత్రిలో ఉన్న ఆ మూడు నాలుగు రోజుల్లోనే ఒక నర్సు పక్కన కూర్చుని, కుట్ల మీద బరువు పడకుండా బిడ్డను చంకలో పెట్టుకుని పాలు ఎలా పట్టాలో చూపిస్తే ఈ వరస మొత్తం మారిపోతుంది. డిశ్చార్జి షీటులో రాయాల్సిన మొదటి సంగతి బహుశా ఇదే.

రెండోది, మొదటి వారాల రక్తం. కాన్పు ఏ రకమైనా నాలుగు నుంచి ఆరు వారాల పాటు రక్తస్రావం అవుతుంది. మొదట ఎర్రగా, తర్వాత గోధుమ రంగులో, చివరికి పసుపు, తెలుపుగా మారుతూ తగ్గిపోతుంది. సిజేరియన్‌లో డాక్టర్లు మాయ తీసేటప్పుడు లోపల శుభ్రం చేస్తారు కాబట్టి కాస్త తక్కువగా ఉండొచ్చు, అంతే. లోపల తుడిచేస్తారన్న ఆ రెండో ఆవిడ మాటకు ఇంతవరకే ఆధారం ఉంది. ఈ స్రావం నెలసరి కాదు. ఒకసారి ఆగి అయిదో వారంలో మళ్లీ కొంచెం కనిపించినా, పాలే పడుతున్న తల్లి దాన్ని డేట్‌గా లెక్క వేసుకోనక్కర్లేదు. తగ్గిన రక్తం మళ్లీ ఒక్కసారిగా ఎక్కువైతే, గంటకో ప్యాడ్ తడిసిపోతుంటే, పెద్ద పెద్ద గడ్డలు పడుతుంటే, జ్వరం, దుర్వాసన ఉంటే మాత్రం "బాలింతకు అంతే పోతది" అన్న మాట వినకుండా ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లాలి. కాన్పయిన మర్నాటి నుంచి వారాల తర్వాత కూడా ప్రమాదకరమైన రక్తస్రావం జరిగే అవకాశం ఉంది.

ఇక అసలు నెలసరి. మొదటి రెండు మూడు సార్లు ఎక్కువగానో తక్కువగానో, ముందో వెనకో రావడం సహజం. కోతకు, డేట్ వచ్చే సమయానికి సంబంధం లేదన్నాను కదా. ఎలా వస్తుందన్నదానికి మాత్రం కొందరిలో సంబంధం ఉంటుంది. దీని గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు.

సిజేరియన్‌లో గర్భసంచి కింది భాగంలో అడ్డంగా కోస్తారు. ఆ కుట్టు మానేటప్పుడు కొందరికి లోపలి వైపు గోడ పూర్తిగా నిండదు, చిన్న గుంట మిగులుతుంది. డాక్టర్లు దాన్ని ఇస్త్మోసీల్ అంటారు. చాలామందికి అది ఉన్నట్టే తెలియదు, ఏ ఇబ్బందీ ఉండదు, వైద్యమూ అక్కర్లేదు. కొందరికి మాత్రం నెలసరి రక్తం ఆ గుంటలో నిలిచి మెల్లగా బయటికొస్తుంది. డేట్ అయిపోయి తలస్నానం చేశాక కూడా రోజుల తరబడి గోధుమ రంగులో మరక కనిపిస్తూనే ఉంటుంది. కాన్పుకు ముందు అయిదు రోజుల్లో అయిపోయేది పది పన్నెండు రోజులు సాగుతుంది. ఇలాంటి మనిషి డాక్టర్ దగ్గరికి వెళ్తే "హార్మోన్లు సెట్ కాలేదమ్మా" అని మూడు నెలలకు టాబ్లెట్లు రాసి పంపడం నాకు తెలిసినవాళ్లలోనే చూశాను. టాబ్లెట్లు ఒక్కోసారి పనిచేస్తాయి కూడా. కానీ కింది నుంచి చేసే అల్ట్రాసౌండ్‌లో ఆ గుంటను చూసే వీలుంది. సిజేరియన్ అయ్యాకే ఈ మరకలు మొదలయ్యాయని మనం చెప్పాలి, కుట్టు దగ్గర ఎలా ఉందో చూడమని అడగాలి. అలా అడగాలని తెలియాలంటే అలాంటిది ఒకటి ఉంటుందని ముందు తెలియాలి.

ఇంకొకటి అరుదైనది. పైకి కనిపించే కుట్టు దగ్గర, చర్మం కింద చిన్న గడ్డ. మామూలు రోజుల్లో ఊరికే ఉంటుంది. డేట్ వచ్చే ముందు ఉబ్బి నొప్పి పెడుతుంది, డేట్ అయ్యాక తగ్గుతుంది. ఆపరేషన్ సమయంలో గర్భసంచి లోపలి పొర కణాలు కోతలో చిక్కుకుని అక్కడే స్థిరపడితే ఇలా జరుగుతుంది. కుట్టు ఎండోమెట్రియోసిస్ అంటారు. కాన్పు అయిన ఏళ్లకు బయటపడొచ్చు. అందుకే దీన్ని దారపు ముడి అనో, హెర్నియా అనో, కొవ్వు గడ్డ అనో అనుకుంటూ తిరిగేవాళ్లుంటారు. మా ఆఫీసులో ఒకామె అలాగే తిరిగింది. నొప్పి నెలకోసారి, డేట్‌తో పాటే వస్తోందని ఆమె గమనించి చెప్పిన రోజున గానీ సర్జన్ అటువైపు ఆలోచించలేదు. చిన్న ఆపరేషన్‌తో తీసేశారు. క్యాలెండర్ మీద పెట్టిన చుక్కలు స్కానింగ్ రిపోర్టుకంటే ముందు విషయం చెప్పేశాయని ఇప్పటికీ నవ్వుతూ చెప్తుంది.

డేట్ రాలేదు కాబట్టి గర్భం రాదన్న నమ్మకం ఉంది చూశారూ, నాకు అన్నిటికంటే ఎక్కువ భయం దాని మీదే. అండం ముందు విడుదలవుతుంది, అది ఫలించకపోతే రెండు వారాలకు డేట్ వస్తుంది. అంటే కాన్పు తర్వాత మొదటి డేట్ రాకముందే గర్భం వచ్చేసే అవకాశం ఉంది. పాలివ్వని తల్లికి నెల తిరిగిన దగ్గర్నుంచే అండం విడుదల కావొచ్చు. పాలివ్వడమే గర్భనిరోధకంగా పనిచేయాలంటే మూడు షరతులూ కలవాలని 1988లో ఇటలీలోని బెల్లాజియోలో నిపుణులు తేల్చారు: డేట్ రాకూడదు, బిడ్డకు పూర్తిగా లేదా దాదాపు పూర్తిగా తల్లి పాలే పట్టాలి, బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు. మూడూ ఉంటే 98 శాతం పైగా రక్షణ. ఒక్కటి తప్పినా ఆ లెక్క చెల్లదు. మన ఇళ్లలో మూడో నెలకే డబ్బా పాలు, ఉగ్గు మొదలవుతాయి. ఉద్యోగం చేసేవాళ్లకు 2017 చట్ట సవరణతో వచ్చిన 26 వారాల సెలవు సరిగ్గా ఆరు నెలలకు అయిపోతుంది. పగటి పాలు తగ్గేదీ, అన్నం మొదలయ్యేదీ, అండం విడుదలయ్యేదీ దాదాపు ఒకే నెలలో. ఆ నెలలో ఆ తల్లిని పిలిచి మాట్లాడేవాళ్లు ఎవరూ ఉండరు.

కాన్పు అయ్యాక మళ్లీ గర్భానికి కనీసం రెండేళ్లు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. గర్భసంచి మీద కుట్టు ఉన్నవాళ్లకు ఆ ఎడం ఇంకా ముఖ్యం. అనుకోకుండా గర్భం వస్తే మన దగ్గర చాలామంది చేసే పని, మెడికల్ షాపులో గర్భం పోయే మాత్రల కిట్ కొనుక్కుని ఇంట్లోనే వేసుకోవడం. సిజేరియన్ అయినవాళ్లలో అరుదుగా గర్భం పాత కుట్టు చోటే నిలబడుతుంది. స్కానింగ్ లేకుండా అక్కడ మాత్రలు వేసుకుంటే విపరీతంగా రక్తం పోయే ప్రమాదం ఉంది. డేట్ తప్పిందని అనుమానం వస్తే ముందు స్కానింగ్, ఆ తర్వాతే ఇంకేదైనా. పాలిచ్చే తల్లులు వాడగలిగిన గర్భనిరోధకాలు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగానే దొరుకుతాయి. కాన్పు సమయంలోనే వేసే కాపర్-టి ఉంది. మూడు నెలలకోసారి అంతర ఇంజెక్షన్ ఉంది, పాలిచ్చే తల్లికి ఆరు వారాల తర్వాత వేస్తారు. లక్నో పరిశోధన సంస్థలో తయారైన, హార్మోన్లు లేని ఛాయా మాత్రలు ఉన్నాయి. వీటితో కూడా నెలసరి తీరు మారుతుంది. కాపర్-టితో రక్తం ఎక్కువ కావొచ్చు, అంతరతో అప్పుడప్పుడు మరకలు పడొచ్చు, అసలు రాకుండానూ పోవచ్చు. ఇది ముందే చెప్పకపోతే "వేడి చేసింది", "రక్తమంతా లోపలే గడ్డకడుతుంది" అన్న భయంతో మధ్యలో మానేస్తారు. కొందరికి సిజేరియన్ చేస్తూనే కాపర్-టి వేసి, ఆ మాట సరిగా అర్థమయ్యేలా చెప్పరు. ఇది మాత్రం క్షమించరాని పని.

పత్యం గురించి కూడా ఒక మాట. పప్పు తింటే కుట్లు చీము పడతాయని, నీళ్లు తాగితే పొట్ట వస్తుందని బాలింతను ఎండబెట్టే ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల్లో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత. ఆపరేషన్‌లో కొంత రక్తం పోయింది, తర్వాత ఆరు వారాలు పోయింది, ఇక నెలనెలా పోవడం మొదలవుతోంది. కాన్పు తర్వాత కూడా ఆరు నెలల పాటు రోజుకో ఐరన్ మాత్ర వేసుకోవాలని ప్రభుత్వమే చెప్తోంది, ఉచితంగా ఇస్తోంది. ఆ ఎర్ర మాత్రల షీట్లు మనలో చాలామంది ఇళ్లలో ఫ్రిజ్ మీద దుమ్ము పట్టి ఉంటాయి. డేట్ వచ్చాక పాలు విరిగిపోతాయన్న మాట కూడా వింటాం. విరగవు. కొందరికి ఆ రెండు మూడు రోజులు పాలు కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది, బిడ్డ చికాకు పడొచ్చు, తర్వాత సర్దుకుంటుంది. ఇక బయట చేరిందని పాలు తాగే బిడ్డను తల్లి నుంచి దూరం పెట్టే ఇల్లు ఉంటే, ఆ ఇంట్లో పెద్దవాళ్లతో గొడవ పడటం తప్పదు, పడాల్సిందే.

ఇదంతా కలిసి ఎక్కడికి చేరుతుందో చెప్తాను. పెళ్లయిన ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్, తెలంగాణలోనే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో చెప్పిన కారణాల్లో మొదటిది నెలసరిలో ఎక్కువ రక్తం, నొప్పి. అనవసరంగా గర్భసంచులు తీసేయడంపై మార్గదర్శకాలు అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది. మన దగ్గర మామూలుగా కనిపించే బతుకు ఇది: ఇరవై రెండేళ్లకు మొదటి సిజేరియన్, ఇరవై అయిదుకు రెండోది, అప్పుడే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. ముప్పై దాటాక డేట్ పదిరోజులు సాగుతోందని వెళ్తే "ఇద్దరు పిల్లలున్నారు కదా, ఇంకెందుకది, తీయించేసుకో." ఆ రక్తం కుట్టు దగ్గరి గుంట నుంచి వస్తోందా, ఫైబ్రాయిడ్ అనే గర్భసంచి గడ్డ వల్లా, థైరాయిడ్ వల్లా అని వెతికి చూసే ఓపిక లేకుండానే. సంచి తీయడమే సరైన వైద్యమైన సందర్భాలు ఉంటాయి, కాదనను. కానీ ముందు నుంచీ తన నెలసరి గురించి తెలిసిన మనిషి, "ఎందుకొస్తోందో చెప్పి అప్పుడు తీయండి" అని అడగగలదు.

ఒక గైనకాలజిస్ట్‌తో ఈ మాటే అంటే ఆమె విసుక్కున్నారు. ఉదయం ఓపీలో ఊపిరాడదు, బాలింతకు ఇన్ని చెప్తే భయపడి ఇంకో నాలుగు అనుమానాలతో వస్తుంది, అప్పుడు ఆమెకూ టెన్షన్, మాకూ టెన్షన్ అన్నారు. ఊపిరాడదన్నది ఒప్పుకుంటాను. భయపడతారన్నది మాత్రం ఒప్పుకోను. అంతకంటే భయంకరమైనవి బాలింతకు చూడటానికొచ్చినవాళ్లు రోజూ చెప్తూనే ఉన్నారు. అయినా నేను అడిగేది ఉపన్యాసం కాదు. డిశ్చార్జి షీటులో టీకాల తేదీల కింద, తెలుగులో, పాలు పడుతున్నంత కాలం డేట్ ఆలస్యం కావొచ్చని, డేట్ రాకపోయినా గర్భం రావొచ్చని, మరకలు ఆగకపోయినా కుట్టు దగ్గర నెలనెలా నొప్పి వచ్చినా వచ్చి చూపించుకోమని రాస్తే చాలు. అచ్చు వేయించడానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

మరి ఊళ్లో చదువు రానివాళ్లకు? ఆశా కార్యకర్తలు సిజేరియన్ అయిన ఇంటికి ఏడో రోజు నుంచి 42వ రోజు దాకా అయిదుసార్లు వెళ్తారు. అక్కడితో తల్లి లెక్క ముగుస్తుంది, ఆమె నెలసరి సాధారణంగా ఆ తర్వాతే మొదలవుతుంది. 2018లో కేంద్రం తెచ్చిన కార్యక్రమం ప్రకారం మూడో నెల, ఆరో నెల, ఆ తర్వాత పదిహేనో నెల దాకా ప్రతి మూడు నెలలకూ ఆశాలు మళ్లీ అదే గడప తొక్కుతారు, కాకపోతే ప్రధానంగా బిడ్డ కోసం. బరువు, తిండి, టీకాలు రాసుకుంటారు. అప్పుడే పక్కనున్న తల్లిని "నీకు డేట్ వచ్చిందామ్మా, ఎలా ఉంది?" అని అడిగి కార్డులో రాసుకుంటే బాగుంటుందని మా ఊరి ఆశా అక్కతో అన్నాను. "నేనెట్లాగు అడుగుతనే ఉన్న" అంది. "రాసుడు మాత్రం పెట్టకుండ్రి. ఒక్క గడి పెంచితే దానికో కొత్త యాప్ ఇస్తరు, మా ఫోన్ల ఇప్పటికే జాగ లేదు."